ఒక బెంచీకి ఒకటే పని

మా పక్కింటి మేస్త్రీగారు పోయారన్న సంగతి నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దానికి పైన, రెండు రోజులు మంచినీళ్లు రావన్న కబురు. దానికి కింద, ఎవరిదో బండి గేటుకి అడ్డంగా ఉందన్న తగాదా. మధ్యలో ఆయన. ఎవరో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. అది నీళ్లకో, బండికో, మేస్త్రీగారికో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అప్పుడు ద్వారకా నగర్‌లో మా కోచింగ్ సెంటర్లో ఉన్నాను, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకి ఇంగ్లీషు చెబుతూ. బోర్డు మీద సగం రాసిన వాక్యాన్ని అలాగే వదిలేసి బయటికొచ్చేశాను. రిసెప్షన్లో ఉండే అమ్మాయి "మీ బంధువులా మేడమ్?" అని అడిగింది. పక్కింటాయన అన్నాను. "ఓ, పక్కింటాయనా" అంది. ఆ "ఓ" మీద వచ్చిన కోపం గాజువాకలో బస్సు దిగేదాకా తగ్గలేదు.

ఈ కోపం సంగతి ముందే చెప్పేస్తాను. ఇలాంటివి రాసేటప్పుడు పోయిన మనిషి మంచితనం తలుచుకుని కళ్లు తుడుచుకోవాలని నాకు తెలుసు. తుడుచుకున్నాను కూడా. కానీ ఆయన పోయినప్పటి నుంచి నాకు ఏడుపు కంటే విసుగే ఎక్కువగా వస్తోంది. ఆయన మీద కొంత, లోకం మీద కొంత, నా మీద చాలా.

మర్నాటికల్లా వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. ఆయన ఫొటో, అటూ ఇటూ రెండు దీపాలు, పైన ఒక పావురం, పేరు కింద "రిటైర్డ్ కార్పెంటర్". ఆ మాట చూడగానే నాకు ఒళ్లు మండింది. బతికుండగా ఆయన్ని ఎవరైనా కార్పెంటరంటే ఆ పూట వాళ్లతో మాట్లాడేవారు కాదు. ఫ్లెక్సీ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, కార్పెంటర్ తీసేసి ప్యాటర్న్ మేకర్ అని వెయ్యమన్నాను. "బట్టల డిజైన్లా మేడమ్?" అన్నాడు షాపతను. కాదన్నాను. "పోనీ తెలుగులో సెప్పండి, తెలుగులోనే ఏసేత్తాను" అన్నాడు.

నా జీవితంలో తొమ్మిదేళ్లు ఒక్క మాట మీద పెట్టాను. అది ఏడు సముద్రాల అవతల, రెండున్నర వేల ఏళ్ల కిందట, పనితనం ఉన్న మనిషిని అక్కడివాళ్లు ఏమని పిలిచేవారన్న మాట. పక్కింట్లో ఉన్న అలాంటి మనిషికి మాత్రం నా దగ్గర మాట లేదు. షాపతనే, "కార్పెంటర్ అంటే అందరికీ అర్థమైపోద్ది గదా మేడమ్, ఉంచేద్దారి" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. సరే ఉంచెయ్యమని ఫోన్ పెట్టేశాను.

ఆయన పనేమిటో మీకు చెప్పాలి. ఇనుముతో ఏదైనా పోత పొయ్యాలంటే ఇసుకలో దాని ఆకారంలో గుంత ఉండాలి. ఆ గుంత పడాలంటే ముందు అదే ఆకారంలో ఒక చెక్క బొమ్మ కావాలి. దాన్నే ప్యాటర్న్ అంటారు. ఫౌండ్రీలో ఆ చెక్క బొమ్మలు చేసే మేస్త్రీ ఆయన. అది ఎవరి ఇంటికీ వెళ్లదు, ఎవరి పెళ్లిలోనూ కనపడదు. ఇసుకలో ముద్ర వేసి పక్కకి తప్పుకుంటుంది. తలుపులూ మంచాలూ చేసేవాళ్లని ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. తేడా తెలియనివాళ్లనే చూసేవారు. "ఆళ్లు కర్రతో కర్ర సేత్తారు, నాను కర్రతో ఇనుం సేత్తాను" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు.

ఆయనది ఎలమంచిలి పక్క పల్లె. తండ్రి నాగళ్లు చేసేవాడట. పద్దెనిమిదో ఏట ఫౌండ్రీలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. మా నాన్న పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఆయన ఇంటి గోడని ఆనుకుని ఇల్లు కట్టుకున్నారు. కాబట్టి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గోడ అవతల చిత్రిక పడుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. మా ఇంట్లో మాట మాటకీ వినిపించే "అండీ"ని ఆయన ఆటపట్టించేవారు. మీ గోదారోళ్లు తిట్టినా అండీ పెట్టి తిడతారు, తిట్టించుకున్నోడికి ఇంటికెళ్లాక గానీ తెలీదు అనేవారు.

ఇక నా మాట. పాత ఐరిష్ రాతల్లో "కెర్ద్" అని ఒక మాట ఉంది. కంచు పనీ బంగారం పనీ చేసే నేర్పరి అని అర్థం. పక్కనే వేల్సు భాషలో దానికి తోబుట్టువు ఉంది, అక్కడ ఆ మాటకి అర్థం పాట. స్కాట్లండు వైపు అదే మాట దిగజారి, ఊరూరా తిరిగి గిన్నెలకి మాట్లు వేసేవాడి పేరైంది. గ్రీకులో దూరపు చుట్టం ఒకటుంది, దానికి లాభమనీ జిత్తులనీ అర్థాలు. వీటికి వెనక, రాత లేని కాలంలో "కెర్దా" లాంటి మాట ఒకటి ఉండి ఉంటుందని పండితులు కట్టారు. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు, పలకగా విన్నవాళ్లు మిగల్లేదు. అందుకే అలాంటి మాటల ముందు చిన్న నక్షత్రం గుర్తు వేస్తారు, ఇది దొరికిన మాట కాదు, కట్టిన మాట అని. దాని మొదటి అర్థం ఏమై ఉంటుందన్నదే నా థీసిస్.

ఈ సంగతి చెబితే అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు, దీనివల్ల ఉపయోగం ఏమిటని. మా అమ్మ అడిగింది. కోచింగ్ సెంటర్ యజమాని అడిగాడు. ఇంటి లోను ఇచ్చిన బ్యాంకాయన కూడా అడిగాడు. ఒక ఆదివారం మా వరండాలో కాగితాలు పరుచుకుని కూర్చుంటే, గోడ మీదుగా తొంగి చూసి మేస్త్రీగారు కూడా ఏమిటది అని అడిగారు. మళ్లీ అదే ప్రశ్న వస్తుందని పళ్లు బిగబట్టి చెప్పాను. ఆయన ఆఖరిదాకా విన్నారు.

"ముక్కలెన్ని?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. విరిగిన ముక్కలు ఎన్ని దొరికాయని ఆయన ప్రశ్న. గట్టివి రెండు, వంకరైంది ఒకటి, దూరపుది ఒకటి అన్నాను. గోడ చుట్టూ తిరిగొచ్చి, చెప్పులు విడిచి, నా కాగితాల పక్కన నేల మీద కూర్చున్నారు. ఏ ముక్క ఎక్కడ అరిగిందో చెప్పమన్నారు. నా గైడు మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది.

ఆ రోజు ఆయన చెప్పిన పంటి చక్రం కథ నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. ఏదో పాత క్రేను లోపలి చక్రం ముక్కలు ముక్కలై ఫౌండ్రీలో వాళ్ల ప్యాటర్న్ షాపుకి వచ్చింది. డ్రాయింగు లేదు. చేసిన కంపెనీ ఏ దేశంలోనో ఎప్పుడో మూతపడింది. కొత్తగా చేరిన ఇంజనీరు ఒక పంటిని కొలిచి, అన్ని పళ్లూ అలాగే చెయ్యమన్నాడట. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. ముక్కలన్నీ ఇసుక మీద వరసగా పేర్చి రెండు రోజులు ఊరికే చూస్తూ కూర్చున్నారట. ఒక పంటికి కుడి పక్క అరిగితే ఇంకోదానికి ఎడమ పక్క అరిగింది. ఒకటి మొన విరిగినా మొదలు బాగుంది. అక్కడో అంగుళం ఇక్కడో అంగుళం పోగేసి, ఏ ముక్కలోనూ పూర్తిగా లేని పంటిని ఆయన చెక్కలో చేశారు. "అరిగినదాన్ని కొలిసి సేత్తే అరిగినదే వత్తాదమ్మా" అన్నారు. "ఆ సెక్రం కొత్తగా ఉన్నప్పుడు ఎలగుందో అదీ మనకి గావాల."

ఏడాదిగా నేను చేస్తున్నది ఆ ఇంజనీరు పనే. ఐరిష్ ముక్క బరువుగా ఉందని దాన్నొక్కదాన్నే కొలుస్తూ, మొదట చేతిపని అనే అర్థమే ఉండేది, పాట అనేది తర్వాత తగిలించుకున్నదని రాసుకుంటూ పోతున్నాను. అదే ఆయనకి చెప్పాను. ఆయన తల అడ్డంగా తిప్పారు. ఇల్లు కడతాం, పాటా కడతాం, మనకి లేని తగువు వాళ్లకెందుకొచ్చింది అన్నారు. మేస్త్రీగారూ, తెలుగు సాక్ష్యం చూపించి అక్కడి మాట తేల్చకూడదు అన్నాను కాస్త గొప్పగా. చూపించొద్దు గానీ, నీ కళ్లకి ఉన్న గంతలు తీసుకోడానికి పనికొస్తుంది కదా అన్నారు. నేర్పు అన్న ఒక్క మాటే ఒకచోట చేతివైపు అరిగి, ఇంకోచోట గొంతువైపు అరిగి ఉండొచ్చని నేను ఆ రాత మొత్తం తిరగరాశాను. గైడు చదివి బాగుందన్నాడు, ఈ ఆలోచన ఏ పుస్తకంలోదో కింద రాయమన్నాడు. పక్కింటి మేస్త్రీగారిదని రాస్తే కొట్టేశాడు. కొట్టేస్తే నేను ఊరుకున్నాను. ఇది కూడా ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

అప్పటి నుంచి ఆదివారాలు ఆయన వచ్చి కూర్చునేవారు. పిన్నిగారు, అంటే మేస్త్రీగారి భార్య, గోడ మీదుగా టీ గ్లాసులు అందించేవారు. ఆయనకి కొన్ని అలవాట్లు ఉండేవి. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు కళ్లు మూసుకుని బొటనవేలితో అంచంతా ఒకసారి తడిమేవారు. స్టీలు గ్లాసైనా సరే, నా పుస్తకమైనా సరే. జేబులో ఎప్పుడూ అరిగిపోయిన పెన్సిలు ముక్క. దాన్ని చెవి మీద పెట్టుకోవడం సినిమాల్లో వడ్రంగుల పని అని ఆయన అభిప్రాయం. నచ్చని పని చూస్తే బాగోలేదని అనేవారు కాదు, "ఇది మనిసి సేసిందేనా?" అని నిజంగా తెలియనట్టు అడిగేవారు. మా ఇంటి కొత్త తలుపులకి ఈ మాట పడింది. ఆ తలుపులు తెరిచినప్పుడల్లా నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఒక ఆదివారం ఆయనే ఇంకో మాట ఎత్తారు. వాళ్ల షాపులో చెక్క ప్యాటర్న్ పని దాదాపు పోయింది. ఇప్పుడు అచ్యుతాపురం వైపు కొత్త ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ బొమ్మ గీస్తే మిషను థర్మోకోల్‌ని కోసేస్తుంది. దాని మీద ఆయనకి కోపమేమీ లేదు, బాగానే కోస్తుందన్నారు. కానీ బెంచీ దగ్గర మాట్లాడుకునే మాటలున్నాయి. పనిముట్లకి, చెక్క తీరుకి, తప్పులకి, ఒక్కోరకం వంపుకి వాళ్లు పెట్టుకున్న పేర్లు. ఇంగ్లీషు పేరు నోరు తిరగక కొన్ని, తండ్రుల దగ్గర నుంచి తెచ్చుకున్నవి కొన్ని, ఎవరిని వెక్కిరించడానికో పుట్టినవి కొన్ని. ఆ బెంచీల మీద పనిచేసిన తన ఈడువాళ్లు అందరూ పోయారు.

"నీ మాటకి నాలుగు ముక్కలున్నాయి. మా మాటలకి నానొక్కడినే ఉన్నాను" అన్నారు. "ఒక్క ముక్కతో నువ్వు కట్టగలవేటి?"

కట్టలేనన్నాను. అది నిజం. పోల్చడానికి రెండోది లేకపోతే మా విద్య చేతులెత్తేస్తుంది. అయితే రాసుకోమన్నారు. నేను అప్పటికప్పుడు ఫోన్ తీసి రికార్డింగు నొక్కాను. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, బొటనవేలితో అంచు తడిమి, బోర్లించి పెట్టేశారు.

"ముందు నీ మాట తేలనీ. ఒక బెంచీకి ఒకటే పని."

ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు గంటసేపు మాట్లాడండి, తర్వాత చూద్దాం అన్నాను. పని మీద పని పెట్టకూడదన్నారు. నా థీసిస్ ఇప్పట్లో తేలదన్నాను. తేలేదాకా ఆగుదామన్నారు. ఈ మొండితనం తల్చుకుంటే నాకు ఇప్పటికీ గోడకి తల కొట్టుకోవాలనిపిస్తుంది. అది ఊరికే వచ్చిన మొండితనం కాదని మాత్రం తర్వాత తెలిసింది.

కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని ప్యాటర్న్ కావలసినదాని కంటే పెద్దదిగా చెయ్యాలి. దానికి వాళ్ల దగ్గర వేరే స్కేళ్లుంటాయి. చూడ్డానికి మామూలు స్కేలే, అంకెలూ మామూలే, కానీ ప్రతి అంగుళమూ కాస్త సాగదీసి ఉంటుంది. ఆయన దాన్ని అబద్ధాల స్కేలు అనేవారు. పోత ఇనుముకి అడుగుకి ఒక నూలు ఎక్కువ, ఉక్కుకి రెండు నూళ్లు ఎక్కువ. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని రెంటికీ రెండు వేర్వేరు అబద్ధాల స్కేళ్లు. పెళ్లైన కొత్తలో, రెట్టింపు పని చేసి చూపిద్దామన్న ఉబలాటంలో, ఆయన ఒకే బెంచీ మీద ఒక ఇనుప పనీ ఒక ఉక్కు పనీ పెట్టుకున్నారు. ఉక్కు పనికి ఇనుము స్కేలు చేతికొచ్చింది. అంకెలు రెంటి మీదా ఒకేలా ఉంటాయి, కంటికి తెలియదు. ప్యాటర్న్ అందంగా వచ్చింది. ఇసుకలో ముద్ర పడింది, కొలిమి వెలిగింది, ఎంతమందో చెమటోడ్చి పోత పోశారు. చల్లారాక చూస్తే వస్తువు ఎక్కడా కూర్చోనంత చిన్నదైపోయింది.

ఎవరూ పెద్దగా తిట్టలేదట. అదే ఆయన్ని కాల్చింది. అచ్చు పోసినాయన, వయసులో పెద్దవాడు, ఆ వస్తువు పక్కన కూర్చుని బీడీ వెలిగించుకుని, "మనోడు పెళ్లికొడుకు గదా" అని మాత్రం అన్నాడట. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మేస్త్రీగారి బెంచీ మీద రెండో పని ఎవరూ చూడలేదు. దాదాపు యాభై ఏళ్ల కిందటి తప్పు ఇది. దాన్ని నాకు చెబుతున్నప్పుడు కూడా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇక నా తప్పు చెప్పాలి. గైడు టైపు తప్పుల గురించి, మూలాల గురించి, ఒక హ్రస్వ దీర్ఘాల తగువు గురించి కొర్రీలు వేశాడు. ఏడాది పోయింది. గైడు రిటైరయ్యాడు, కొత్తాయన వచ్చి మొదటి నుంచీ చెప్పమన్నాడు. ఇంకో ఏడాది. అమ్మకి మోకాళ్ల ఆపరేషను, నాకు సాయంత్రం బ్యాచీలు. చివరి రెండేళ్లూ నేను ఆ ఫైలు తెరవలేదు. తెరవలేదన్న మాట ఆయనతో అనలేదు.

ఆయన అడుగుతూనే ఉండేవారు. గేటు తీస్తుంటే, బట్టలు ఆరేస్తుంటే, కూరగాయల బండి దగ్గర. "తేలిందా?" అంతే, ఇంకో మాట లేదు. తేలుతోంది మేస్త్రీగారూ అనేదాన్ని. కాలనీలో మిగతావాళ్లు అది నా పెళ్లి సంబంధం సంగతో ఇంటి రిజిస్ట్రేషను సంగతో అనుకునేవారు. ఒకసారి మాత్రం ఆయనకి ఓపిక చచ్చింది. "అంతంత సదువుకుని ఒక్క మాట తేల్సలేవేటమ్మా" అన్నారు. నాకు చుర్రుమంది. వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి వెనక సందులోంచి వెళ్లడం మొదలుపెట్టాను, ఆయన వరండా తగలకుండా. పరీక్ష తప్పిన పిల్లలు ట్యూషను మాష్టారిని తప్పించుకున్నట్టు, నలభై ఆరేళ్ల మనిషిని.

ఎన్ని దార్లున్నాయో ఇప్పుడు తెలుస్తోంది. తేలిపోయింది మేస్త్రీగారూ అని ఒక్క అబద్ధం ఆడి ఉండొచ్చు. ఆయనేమీ ఐరిష్ నేర్చుకుని తనిఖీ చేసేవారు కాదు. లేదా నిజం చెప్పి ఉండొచ్చు. ఇది ఎప్పటికీ పూర్తిగా తేలేది కాదు, ఈ మాట ముందు ఆ నక్షత్రం గుర్తు ఎప్పటికీ ఉంటుంది, నేను రెండేళ్లుగా దీన్ని ముట్టుకోలేదు కూడా, కాబట్టి మీ పని మొదలుపెడదాం అని. రెండూ చెయ్యలేదు. పనీ చెయ్యక, పని ఆగిందనీ చెప్పక, మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆయన మొండితనం మీద నెపం వెయ్యడం తేలిక. ఆయన మొండితనం ఒక తప్పు నుంచి పుట్టింది. నాది ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పుకోడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆఖరిసారి చూసింది ఆయన పోవడానికి నెల ముందు. వెనక సందులో నీళ్లు నిలిచి, ఆ రోజు ముందు నుంచే వెళ్లాల్సొచ్చింది. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయారు. అడగకముందే నేనే, దసరా వెళ్లగానే తేల్చేస్తాను మేస్త్రీగారూ అన్నాను. ఆయన నవ్వారు.

"తొందరేటి లేదమ్మా. తొందరపడితే సిన్నదైపోద్ది" అన్నారు.

సరేనని వెళ్లిపోయాను. బస్సు అందుకోవాలి.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు పొద్దున పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి పిలిచారు. ఆవిడ కూతురూ అల్లుడూ అప్పటికే వెళ్లిపోయారు. వరండాలో ఆయన బెంచీ ఉంది. రిటైరయ్యాక సొంతంగా చేసుకున్నది, దాని మీదే కాలనీవాళ్ల కుర్చీ కాళ్లూ, చపాతీ పీటలూ, పిల్లల క్రికెట్ బ్యాట్లూ బాగుచేసేవారు. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు, తుడిచి ఉంది. కర్మకని సర్దేశారేమో అనుకుని అదే అన్నాను.

"లేదమ్మా, అదలగే ఉంది ఎప్పటినుంచో" అన్నారు పిన్నిగారు. "ఎవలు ఏం తెచ్చినా తీసుకోలేదు ఈయన. నిరుడు సంకురాత్రి నుంచీ అంతే. బెంచీ ఖాళీగా ఉండాల, ఆ అమ్మాయి వత్తాది, పనుంది అనీవోరు."

వెనక సందులోంచి తిరిగిన ఆ నెలలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పిన్నిగారు లోపలికెళ్లి చెక్కపెట్టె లాక్కొచ్చారు. ఆయన పనిముట్లు. ఇవి నీకియ్యాలని అనీవోరు, నువ్వు ఏదో రాత్తావంట గదా అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఇంటికెళ్లి అట్టముక్కలూ దారమూ పెన్నూ తెచ్చుకున్నాను. కనీసం పేర్లైనా దక్కుతాయనుకున్నాను. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఎన్నో కొన్ని వినే ఉంటుంది. ఉలి, బాడిత, బరమా, ఆకురాయి, ఇలాంటివి నాకూ తెలుసు. అవి పక్కన పెట్టాను. మిగతావి బెంచీ మీద పేర్చాను. గోరులా లోపలికి వంగిన ఉలి ఒకటి. అరచేతిలో ఇమిడే చిత్రిక ఒకటి, దాని అడుగు పడవ అడుగులా గుండ్రం. రెండు కాళ్లూ బయటికి తిరిగిన కొలత ముట్టు ఒకటి, దాంతో లోపలి ఖాళీలు కొలుస్తారని ఊహించగలిగాను.

గోరులా వంగినదాన్ని ఎత్తి, దీన్ని ఆయన ఏమనేవారు పిన్నిగారూ అన్నాను.

"అది అనీవోరు."

అది కాదండీ, దాని పేరు అన్నాను.

"అదేనమ్మా. 'అది అందియ్యి' అనీవోరు, నానిచ్చీదాన్ని."

పడవలాంటిది చూపించాను. అదీ అంతే. కాళ్లు తిరిగినది చూపించాను. అదీ "అది" అనే అనేవారట. షాపులో వాటికి ఏవో పేర్లుండేవనీ, ఇంట్లో ఆ పేర్లతో పనేముందనీ ఆవిడ అన్నారు. నాకు విసుగొచ్చింది, ఆవిడ మీద కూడా వచ్చింది. అన్నిటినీ అదే అంటే, ఏది అడిగారో మీకెలా తెలిసేదండీ అన్నాను, కాస్త గట్టిగానే.

పిన్నిగారు నా మొహం వంక వింతగా చూశారు. ఇంత చదువుకుని ఈ మాత్రం తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"సెయ్యి సాపుతారు గదా" అన్నారు. "ఆ సెయ్యి సూత్తే తెలీదేటి?"

అని, ఆవిడ తన కుడిచెయ్యి ముందుకి చాచారు. ఆయన చాచినట్టే, మొహం ఇటు తిప్పకుండా, కళ్లు ఎదురుగా లేని పని మీద పెట్టి. అరచెయ్యి పైకి. చిటికెన వేలూ దాని పక్క వేలూ మడిచి ఉన్నాయి. బొటనవేలు దూరంగా, కొద్దిగా లోపలికి వంగి ఉంది.

"ఇలగ సాపితే ఏది?" అని అడిగారు.

బెంచీ మీద పదమూడు పనిముట్లున్నాయి. నేను వాటి వంక చూశాను, ఆవిడ చేతి వంక చూశాను, మళ్లీ వాటి వంక చూశాను. ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. అందులో ఏది పెట్టాలో నాకు తెలియలేదు.